నైట్ డ్యూటీల నుంచి నాలుగు రోజులు: ఏజెన్సీ కొండల్లో విడిదికి సలహాలు కావాలి

సంపెంగ · ఆగస్టు 18, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్ళుగా నెలకి పది నైట్లు చేస్తున్నాను. మా బ్యాచ్‌లో తొమ్మిది మందిమి. పోయిన నెల మాలో చిన్నమ్మాయి డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికెళ్తూ సిగ్నల్ దగ్గర కళ్ళు మూసేసింది. వెనకున్న బస్సతను హారన్ కొట్టబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఎవరం కలిసినా ఒకటే మాట. ఒక్క నాలుగు రోజులు ఎక్కడికైనా పోదామని.

రిసార్టు వద్దు. స్విమ్మింగ్ పూలూ, డీజే వద్దు. మానిటర్ల కూత వినపడని చోటు, ఫోను మోగని చోటు, పచ్చగా, చల్లగా ఉంటే చాలు. అరకు, పాడేరు, లంబసింగి వైపు అనుకుంటున్నాం. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి, రోజంతా ఏం చెయ్యాలి?

ఇంకో విషయం. మా ఆయన స్నేహితుడొకాయన పాడేరు దాటాక ఎకరం స్థలం లీజుకి ఇప్పిస్తానంటున్నారు. నాలుగు పాకలు వేసుకుంటే ఏటా వేరే నర్సుల్ని కూడా తీసుకెళ్ళొచ్చని ఆశ. అడ్వాన్స్ ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

పెందుర్తి ప్లీడర్ · ఆగస్టు 19, ఉదయం 7:05

అమ్మా, ముందు ఆ అడ్వాన్స్ ఆపండి. మిగతావన్నీ తర్వాత.

మీరు చెప్పిన చోటు షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. అక్కడ 1/70 చట్టం ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో సవరించి గట్టి చేశారు. గిరిజనేతరులకి అక్కడ భూమి అమ్మడం చెల్లదు. చాలామంది అనుకునేట్టు ఇది అమ్మకానికే కాదు, లీజుకీ, తాకట్టుకీ, దానానికీ వర్తిస్తుంది. స్టాంపు కాగితం మీద రాసుకున్నా, నోటరీ చేయించుకున్నా ఆ కాగితానికి విలువ లేదు. ఇంకొకరి పేరు మీద పెట్టుకుందాం అనే బినామీ దారి కూడా తొక్కకండి. రేపు కేసైతే భూమి ఇచ్చిన ఆ గిరిజన కుటుంబమూ కోర్టుల చుట్టూ తిరగాలి.

1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు మన అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీదే వచ్చింది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని ప్రైవేటు గని కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని తేల్చారు. సర్కారుకే లేని వీలు మనకెలా ఉంటుంది?

సంపెంగ · ఆగస్టు 19, మధ్యాహ్నం 2:30

చాలా థ్యాంక్స్ సర్. ఎల్లుండి డబ్బు ఇద్దామనుకున్నాం. ఆపేశాం. మరి ఉండటానికి దారేమిటి?

గెడ్డ ఒడ్డు · ఆగస్టు 19, రాత్రి 8:15

సిస్టర్ గారూ, నేను ఏజెన్సీ బిడ్డని. అక్కడే బడిలో పాఠాలు చెబుతున్నాను. దారి ఉంది. కట్టుకోవడం మానేసి చుట్టాలుగా రండి.

కొన్ని ఊళ్ళలో మహిళా సంఘాలు తమ ఇళ్ళలోనే ఒకటి రెండు గదులు అతిథులకి ఇస్తున్నాయి. ఇల్లు వాళ్ళది, వంట వాళ్ళది, డబ్బు నేరుగా వాళ్ళకే. ముందుగా ఊరి పెద్దలతో, సర్పంచ్‌తో మాట్లాడాలి. ఎంతమంది, ఎన్ని రోజులు, ఏం తింటారు అన్నీ చెప్పాలి. ఊరు సరే అంటేనే రావాలి. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో కూడా చెప్పి ఉంచితే మంచిది.

మనసులోని మాట ఒకటి చెప్తాను. వంజంగి మేఘాల కొండ ఏమైందో చూశారు కదా. ఒక్క వీడియో తిరిగేసరికి శని, ఆదివారాల్లో తెల్లారకముందే వందల బళ్ళు. సీసాలు, నూడుల్స్ కప్పులు. అందుకే మా ఊళ్ళవాళ్ళు కొత్తవాళ్ళంటే భయపడుతున్నారు. మీరు నర్సులని చెప్తే ఒప్పుకుంటారనే నమ్మకం ఉంది. కానీ ఊరి పేరు ఇక్కడ రాయను, మీరూ రాయకండి.

మధురవాడ ట్రెక్కర్ · ఆగస్టు 19, రాత్రి 10:50

నేను చేసిన తప్పు చెప్తాను, మీకు పనికొస్తుంది.

మూడేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంట్ వాళ్ళని ఇరవై రెండు మందిని ఇలాగే ఒక కొండ ఊరికి తీసుకెళ్ళాను. 'ప్రకృతి శిబిరం' అని పేరు పెట్టాం. ఆ ఊరికి నీళ్ళు పైనున్న ఊట నుంచి పైపు ద్వారా దిగి ఒక సిమెంటు ట్యాంకులో పడతాయి. మోటారు లేదు. రాత్రంతా సన్నగా పడితే తెల్లారేసరికి ట్యాంకు నిండుతుంది. పొద్దున్న మావాళ్ళు ఒక్కొక్కరు మూడు బకెట్లు స్నానం చేశారు. నలుగురు తలంట్లు కూడా పోసుకున్నారు. తొమ్మిదింటికల్లా ట్యాంకు అడుగు కనిపించింది.

ఆ ఊరి ఆడవాళ్ళు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. బిందెలు తీసుకుని కింద గెడ్డకి, అంటే కొండవాగుకి, దిగారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఒకామె బిందెతో ఆ ఏటవాలు ఎక్కుతుంటే మేం పక్కనే ప్రాణాయామం చేస్తున్నాం. ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కాబట్టి ముందు నీళ్ళ లెక్క అడగండి. ఊట ఎంత ఇస్తుంది, ట్యాంకు ఎప్పుడు నిండుతుంది, ఊరికి ఎంత కావాలి. మనిషికి రోజుకి ఒకటిన్నర బకెట్ దాటొద్దు. తొమ్మిది మందికి మించొద్దు. ఎవరైనా అక్క చెల్లెళ్ళు వస్తామన్నా వద్దనండి.

బీచ్‌రోడ్డు యోగా · ఆగస్టు 20, ఉదయం 6:20

నమస్తే సిస్టర్. ఇరవై ఏళ్ళుగా యోగా నేర్పుతున్నాను. మీకు ఉచితంగా టైంటేబుల్ వేసిస్తాను. ఉదయం 5కి మేల్కొలుపు, 5:30 ఆసనాలు, 7కి మౌన నడక, 8:30 టిఫిన్, 9:30 ధ్యానం, 11కి మనసు విప్పే చర్చ, భోజనం, 2కి యోగనిద్ర, 4కి ట్రెక్కింగ్, 7కి భజన, 9కి లైట్లు ఆర్పాలి. పద్ధతిగా చేస్తే నాలుగు రోజుల్లో మార్పు తెలుస్తుంది.

సంపెంగ · ఆగస్టు 20, మధ్యాహ్నం 3:10

గురువుగారూ, మీ మంచి మనసుకి దండం. కానీ ఈ లిస్టు మా గ్రూపులో పెడితే ఒకమ్మాయి 'అక్కా, ఇది కూడా డ్యూటీ చార్టులాగే ఉంది' అని రాసింది. మేం ఏడాది పొడవునా గంట గంటకీ చార్టు నింపే మనుషులం. నాలుగు రోజులైనా గడియారం చూడకుండా ఉండాలని ఉంది.

బీచ్‌రోడ్డు యోగా · ఆగస్టు 20, రాత్రి 9:00

అర్థమైందమ్మా. నేను క్లాసుకి వచ్చేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాను. మీకు కావలసింది వేరు. అయితే ఒక్కటే ఉంచుకోండి. సాయంత్రం పొద్దు వాలాక పావుగంట అందరూ చుట్టూ కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, తీసుకున్నదానికన్నా వదిలేది నిదానంగా. మాట్లాడాలనిపించినవాళ్ళు మాట్లాడతారు, లేనివాళ్ళు లేదు. మిగతా రోజంతా ఖాళీ.

తొట్లకొండ మాస్టారు · ఆగస్టు 21, ఉదయం 10:30

హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. రోజూ సాయంత్రం భీమిలి రోడ్డు మీదుగా తొట్లకొండ దాకా వెళ్ళి వస్తుంటాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

విడిది మనకి కొత్త కాదు. రెండువేల ఏళ్ళ క్రితం బౌద్ధ భిక్షువులు ఏడాదంతా ఊరూరా తిరిగి, వానాకాలం మూడు నెలలూ ఒకేచోట ఆగేవారు. దాన్ని వర్షావాసం అనేవారు. మన ఊరి పక్కనే బావికొండ, తొట్లకొండ మీద వాళ్ళ గదుల పునాదులు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే తొట్లకొండకి ఆ పేరు. 1976లో నౌకాదళం వాళ్ళు విమానం మీంచి సర్వే చేస్తుంటే ఈ ఆరామం బయటపడింది.

ఆ గదులు చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది. ఒక మనిషి పడుకోవడానికి, కూర్చోవడానికి సరిపోయేంత చోటు. ఎదురుగా సముద్రం. కొండ మీద పడ్డ వాన కొండమీదే దాచుకున్నారు. ట్రెక్కర్ గారు చెప్పిన నీళ్ళ లెక్క వాళ్ళు ముందే వేసుకున్నారు చూడండి.

సిస్టర్ గారికి నా సలహా. ఏజెన్సీకి వెళ్ళేదాకా ఆగకుండా ముందు ఒక పూట తొట్లకొండ మీదో, కంబాలకొండ అడవిలోనో ఫోన్లు కట్టేసి గడపండి. ఎవరికి మౌనం పడుతుంది, ఎవరికి కంగారు పుడుతుంది ముందే తెలుస్తుంది.

జ్వరాల వార్డు · ఆగస్టు 21, రాత్రి 11:15

డాక్టర్ని. సిస్టర్‌కి చాలావరకు తెలిసినవే. కానీ మనం ఇంకొకరికి చెప్పేవి మనకి మనం పాటించం, అందుకే రాస్తున్నాను.

వానాకాలంలో వద్దు. ఏజెన్సీలో మలేరియా ఉంది, అందులో ఫాల్సిపారం అనే రకం ప్రమాదకరం. నవంబరు చివరికి దోమ కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. దోమతెరలు మనిషికొకటి తీసుకెళ్ళండి. సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు వేసుకోండి. ముందుజాగ్రత్త మందులు ఎవరికి కావాలో మీ ఫిజీషియన్‌ని అడగండి.

రెండోది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే నలుసంత పురుగుల వల్ల వస్తుంది. నేల మీద నేరుగా కూర్చోకండి, పడుకోకండి. చాప వేసుకోండి. ఒంటి మీద సిగరెట్ కాలిన మచ్చలాంటి నల్లటి పెచ్చు కనిపిస్తే చిన్న విషయం అనుకోవద్దు.

పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చడమే పని. అందుకే బయల్దేరే ముందే ఫోన్ చేసి ఆ ఇంజెక్షన్ దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోండి. మీ ఊరి నుంచి అక్కడికి రాత్రిపూట ఎంతసేపు పడుతుంది, బండి ఇంటి దాకా వస్తుందా, డోలీ కట్టి మనుషులే మోసుకెళ్ళాలా కూడా అడగండి. డోలీ కట్టాల్సిన ఊరైతే అక్కడికి వెళ్ళొద్దు. అక్కడివాళ్ళకి అది తప్పని కష్టం. మనం వెళ్ళి ఆ బరువు కూడా వాళ్ళ భుజాల మీద పెట్టకూడదు.

తిరిగొచ్చాక నెల లోపల ఎవరికి జ్వరం వచ్చినా 'ఏజెన్సీ వెళ్ళొచ్చాం' అని మొదటి మాటగా చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

గాజువాక డ్రైవరు · ఆగస్టు 22, ఉదయం 5:40

మేడమ్ గారూ, పాడేరు రూటు వారానికి రెండుసార్లు తిరుగుతాను. వైజాగ్ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా దాదాపు 110 కిలోమీటర్లు. మాడుగుల దాటాక ఘాట్ మొదలు. నైట్ డ్యూటీ దిగి అదే పొద్దున్న బయల్దేరకండి, ఆ మలుపుల్లో కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. ముందు రోజు రాత్రి పడుకుని, ఇడ్లీ ఒకటో రెండో తిని ఎక్కండి. చలికాలం తొమ్మిది దాకా మంచు, ఎదర బండి కనపడదు. సాయంత్రం ఐదుకల్లా చేరిపోవాలి. మాడుగుల హల్వా వచ్చేటప్పుడు కొనుక్కోండి, పైకెళ్ళేటప్పుడు నెయ్యి పడదు.

రైలంటే ఇష్టమైతే పొద్దున్న కిరండూల్ ప్యాసింజర్ ఉంది. శృంగవరపుకోట దాటాక సొరంగాలే సొరంగాలు. అరకులో దిగితే అక్కడి నుంచి జీపు మాట్లాడుకోవచ్చు.

సంపెంగ · సెప్టెంబరు 14, రాత్రి 9:30

అప్‌డేట్. మాస్టారు చెప్పినట్టు ఆదివారం పొద్దున్న కంబాలకొండ వెళ్ళాం. ఫోన్లన్నీ ఒక సంచీలో వేసి నా దగ్గర పెట్టుకున్నాను. మొదటి గంట అందరూ తెగ మాట్లాడారు, అన్నీ వార్డు కబుర్లే. రెండో గంటకి మాటలు వాటంతటవే సన్నబడ్డాయి. ఒకావిడ మాత్రం ఇంటి దగ్గర బాబు గురించి కంగారుపడి గంటకోసారి ఫోను అడిగింది. అందుకే ఒక ఫోను ఆన్‌లో ఉంచాలని, ఇంటివాళ్ళందరికీ ఆ ఒక్క నంబరే ఇవ్వాలని అనుకున్నాం. సిగ్నల్ దొరికే గట్టు ఎక్కడుందో గెడ్డ ఒడ్డు గారు కనుక్కుని చెప్పారు.

తేదీలు నవంబరు 27 నుంచి 30. రోస్టర్ మార్పించుకోవడం అంత తేలిక కాలేదు. ఆరుగురికే సెలవు దొరికింది. మిగతా ముగ్గురూ మా డ్యూటీలు చేస్తామన్నారు.

సీతమ్మధార · సెప్టెంబరు 15, ఉదయం 8:00

వెళ్ళి చెట్లు చూసి వస్తే నిజంగా ఒంటికి మంచిదా, లేక మన మనసుకి తోచడమేనా? నమ్మకం లేక కాదు, తెలుసుకుందామని.

జ్వరాల వార్డు · సెప్టెంబరు 15, రాత్రి 10:20

మంచి ప్రశ్న. 1984లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న పరిశోధన చాలా పేరు పొందింది. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో కిటికీ లోంచి చెట్లు కనిపించినవాళ్ళు, ఇటుక గోడ కనిపించినవాళ్ళకన్నా కాస్త ముందు ఇంటికెళ్ళారు. గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. పేషెంటు ఎలా ఉన్నాడో నర్సులు రాసిన నోట్సు కూడా అందులో లెక్కలోకి తీసుకున్నారు.

2019లో ఇంగ్లండులో సుమారు ఇరవై వేల మందిని అడిగిన సర్వేలో, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చదనంలో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా కనపడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ బయట తిరుగుతారేమో అనే సందేహం ఇలాంటి సర్వేల్లో ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ఇది మందు అని నేను అనను. కానీ సిస్టర్ వాళ్ళకి నా మాట, ఏజెన్సీ ఏడాదికోసారి, కంబాలకొండ వారం వారం.

గెడ్డ ఒడ్డు · నవంబరు 9, రాత్రి 7:45

ఊరు సరేనంది. వాళ్ళు చెప్పిన మాటలు ఇవి. తాగే మందు తేవద్దు. ప్లాస్టిక్ తెస్తే మళ్ళీ వైజాగ్ పట్టుకెళ్ళాలి. ఇళ్ళలోకి, స్నానాల దగ్గరికి కెమెరా వద్దు. రిజర్వ్ ఫారెస్టులోకి మీ అంతట మీరు వెళ్ళొద్దు, అనుమతి లేకుండా వెళ్తే కేసవుతుంది.

మా థింసా నాట్యం గురించి మీరు విడిగా అడిగారు. పొద్దంతా కాఫీ పళ్ళు కోసి వచ్చిన ఆడవాళ్ళని రాత్రి మీకోసం ఆడమని అడగొద్దు సిస్టర్. వాళ్ళకి ఆడాలనిపిస్తే వాళ్ళే పిలుస్తారు.

సంపెంగ · డిసెంబరు 4, రాత్రి 10:10

వెళ్ళొచ్చాం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

మొదటి రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. మూడింటికి కళ్ళు తెరిచి చూస్తే ఆరుగురం దోమతెరల్లో లేచే ఉన్నాం. ఒళ్ళు అలవాటుపడిపోయింది, ఆ టైముకి రౌండ్స్ కదా. గోడ అవతల ఎక్కడో కీచురాయి ఆగి ఆగి అరుస్తోంది. అచ్చం సెలైన్ పంపు అలారంలాగే. స్కూటీ మీద కళ్ళు మూసిన మా చిన్నమ్మాయి నిద్రమత్తులోనే లేచి కాళ్ళతో చెప్పుల కోసం వెతుకుతోంది. 'ఏ బెడ్ అక్కా' అంది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

అలికిడికి ఇంటి మామ్మ లేచింది. ఏమీ అడగలేదు. కుంపటి రాజేసి మా మధ్య పెట్టి, తన రగ్గు తెచ్చి ఆ అమ్మాయి భుజాల మీద కప్పి, పక్కనే కూర్చుంది. ఆమెకి మా తెలుగు కొంచెమే వచ్చు. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాం. నిప్పు మీద బూడిద కమ్మినప్పుడల్లా ఆమె పుల్లతో కదిపేది. మంచు ఎంత దట్టంగా ఉందంటే అరుగు మీంచి ఎదురింటి తలుపు కనపడలేదు. యోగా గురువుగారు చెప్పిన పావుగంట కూర్చోవడం మేం సాయంత్రం అనుకున్నాం, అది ఆ వేకువజామునే మొదలైపోయింది.

రెండో రోజు చోడి (రాగి) అంబలి తాగి, మామ్మ కోడలితో కాఫీ తోటకి వెళ్ళాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు ఎగబాకి ఉన్నాయి. వాటి నీడలో కాఫీ మొక్కలు, కొమ్మ నిండా ఎర్రటి పళ్ళు. పచ్చివి వదిలేసి పండినవే గిల్లాలి. ఒక పండు నొక్కి నోట్లో వేసుకోమంది. జిగురుగా, తియ్యగా ఉంది, కాఫీ వాసనే లేదు. లోపల రెండు గింజలు ముఖాముఖి అతుక్కుని ఉన్నాయి. రోజుకి వంద సూదులు గుచ్చే చేతులు మావి. ఆ చేతులతో రెండు గంటలు పళ్ళు కోశాం, ఎవరికీ నొప్పి పెట్టకుండా. మధ్యాహ్నం అడ్డాకుల్లో సామన్నం, రాజ్మా కూర. వలిసె పూలు అప్పటికి కొంత రాలిపోయాయి, అయినా కొండవాలు పసుపు రాసినట్టే ఉంది.

రెండో రాత్రి తొమ్మిదికి పడుకుంటే మెలకువ వచ్చేసరికి ఏడయింది. మూడో రోజు గెడ్డ దగ్గర రాళ్ళ మీద చాపలేసుకుని ఊరికే కూర్చున్నాం. అంతకన్నా రాయడానికి ఏమీ లేదు ఆ రోజు గురించి. నాకు బాగా నచ్చింది ఆ రోజే.

నీళ్ళు రోజుకి మనిషికి ఒక బకెట్టే వాడాం. చివరి సాయంత్రం ఊరి ఆడవాళ్ళకి బీపీ, షుగర్ చూస్తామని అడిగితే ఒప్పుకున్నారు. ఇద్దరికి బీపీ బాగా ఎక్కువగా ఉంది, చీటీ రాసి పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపాం. రాత్రి భోజనాలయ్యాక వాళ్ళే వచ్చి మా చేతులు పట్టుకుని వరసలో నిలబెట్టారు. అడుగులు తప్పినా ఎవరూ చెయ్యి వదల్లేదు.

ఖర్చు బండితో కలిపి మనిషికి 5,300 అయింది. అందులో సగానికి పైగా మహిళా సంఘానికే.

మధురవాడ ట్రెక్కర్ · డిసెంబరు 5, ఉదయం 6:50

ఒక బకెట్ అని చదివి చాలా సంతోషమేసింది సిస్టర్. నేను వెళ్ళిన ఊరికి వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను, ఒక్కణ్ణే. వాళ్ళ ట్యాంకుకి పగులు ఉందని విన్నాను. బాగుచేయించడానికి వాళ్ళు ఒప్పుకుంటే ఆ ఖర్చు పెట్టుకుంటాను.

సంపెంగ · డిసెంబరు 13, రాత్రి 8:40

మాలో ఒకావిడకి నిన్న జ్వరం తగిలింది. డాక్టరుగారు చెప్పినట్టే మొదటి మాటగా ఏజెన్సీ అని చెప్పి పరీక్ష చేయించాం. మలేరియా లేదు, ఒంటి మీద పెచ్చులేమీ లేవు. ఈ రోజు తగ్గింది. అయినా మళ్ళీ వస్తే మళ్ళీ చేయిస్తాం.

డ్యూటీలు చేసిపెట్టిన ముగ్గురినీ మార్చిలో పంపాలని ఉంది. గెడ్డ ఒడ్డు గారూ, ఒకసారి ఊళ్ళో అడుగుతారా?

గెడ్డ ఒడ్డు · డిసెంబరు 21, రాత్రి 7:20

అడిగాను. మార్చికి ఊట సన్నబడుతుంది, ఊరికే చాలీచాలకుండా ఉంటుంది, వద్దన్నారు. వచ్చే నవంబరులో ఆ ముగ్గురినీ ముందు పంపమన్నారు.

బీపీ ఉన్న ఇద్దరూ పీహెచ్‌సీకి వెళ్ళి మాత్రలు తెచ్చుకున్నారు. మామ్మ ఒక మాట అడగమంది. ఆ రోజు ఏడ్చిన చిన్నపిల్లకి ఇప్పుడు నిద్ర పడుతోందా అని.

సంపెంగ · డిసెంబరు 22, ఉదయం 9:15

నైట్లు ఉన్న వారం ఇంకా కష్టంగానే ఉంది. కానీ స్కూటీ మానేసి మా అందరితో ఆటోలో వస్తోంది. నిన్న ఆఫ్. రాత్రి పదిన్నరకి పడుకుని ఆరింటికి లేచిందట. మామ్మకి చెప్పండి.